మెరవని కాగితం

కాగితం అబద్ధం చెప్పదని నిన్న నలుగురిలో అన్నది తానే కదా, మరి ఈ పూట అదే కాగితాన్ని ముట్టుకోవడానికి చెయ్యి ఎందుకు రావడం లేదు అని స్వరూపరాణి అనుకుంటూనే ఉంది. ఎదుట కూర్చున్న వీరేశ్ అప్పటికే రెండుసార్లు నీళ్లు అడిగాడన్న సంగతి హెడ్ కానిస్టేబుల్ మొగులప్ప గొంతు సవరించుకునేదాకా ఆమెకు తెలియలేదు.

"మేడం, పోరడు నీళ్లడుగుతుండు."

"ఇయ్యి. అడగంగనే ఇయ్యొచ్చు గద."

"మీరు చెప్పాలె గద మేడం. నిన్నటి సంది అన్నీ మీరే చెప్తున్రు."

మొగులప్ప ఎత్తిపొడిచాడో, మామూలుగానే అన్నాడో ఆమెకు అర్థం కాలేదు. రాత్రంతా తనను తాను తిట్టుకున్న మనిషికి పొద్దున ఎవరేమన్నా తననే అన్నట్టు ఉంటుంది. ఆమె ఎస్సై కుర్చీలో కొంచెం వెనక్కి జరిగి, బల్ల మీద ఉన్న ఫొటోను తన వైపుకు లాక్కుంది.

ఫొటోలో ఉన్నది వీరేశ్ తండ్రి భూమన్న. తెల్ల రుమాలు, నెరిసిన మీసం, కెమెరాను చూడమంటే కెమెరా పట్టుకున్నవాణ్ని చూసిన చూపు. మనూర్ పోయే తోవలో కౌలుకు చేసుకుంటున్న పొలంలో, బాయి మెట్ల కింద నీళ్లలో తేలాడు. తల వెనక దెబ్బ ఉంది. శవ పంచనామా స్వరూపరాణే చేసింది. మెట్టు జారి పడ్డాడనే రాసింది. ఊరు కూడా అదే నమ్మింది. నిన్నటి దాకా.

నిన్న భూమన్న దినాలు. రమ్మని వీరేశే స్వయంగా స్టేషనుకు వచ్చి పిలిచాడు. నారాయణఖేడ్‌లో ఇంట్లోనే ప్రింటర్లు పెట్టుకుని పెండ్లి ఫొటోలు, పాస్‌పోర్టు ఫొటోలు కొట్టే కుర్రవాడు. క్వార్టర్‌లో ఒక్కతే ఉండే స్వరూపరాణికి సాయంత్రాలు గడిచేది ఆ పనితోనే. ఎండిన వాగులు, ఖాళీ బస్‌స్టాండు బెంచీలు ఫొటోలు తీసి, ఏ ఇంకుకు ఏ కాగితం నప్పుతుందో చూసుకుంటూ కొట్టుకుని, ఎవరికీ చూపకుండా దాచుకుంటుంది. ఒకసారి ఇంకు అయిపోతే వీరేశ్ దగ్గరే తెచ్చుకుంది. ఆ మాత్రం పరిచయం.

విస్తరి ముందు కూర్చుని తల ఎత్తితే గోడ మీద దండ వేసిన ఫొటో. భూమన్న చెంప మీద అడ్డంగా వెంట్రుక మందం గీతలు. మామూలు కంటికి కనపడవు. ఆమె కంటికి కనపడ్డాయి. ప్రింటర్‌లో ఇంకు చిమ్మే సన్న రంధ్రాలు కొన్ని పూడుకుపోతే పడే గీతలవి. పిగ్మెంట్ ఇంకు వాడే వీరేశ్ రెండో ప్రింటర్‌కు ఆ రోగం ఉందని ఆమెకు తెలుసు. జహీరాబాద్ నుంచి వచ్చిన మెకానిక్ దాన్ని కడిగి బాగు చేసి, అట్నుంచి అటే ఆమె క్వార్టర్‌కు వచ్చి ఆమె ప్రింటర్‌నూ చూసి పోయాడు. అది ఆదివారం. భూమన్న చనిపోయింది ఆ తర్వాతి గురువారం. అంటే దండ వేయాల్సిన ఫొటో, మనిషి తిరుగుతుండగానే తయారైంది.

"ఇదెప్పుడు కొట్టినవ్?" అని అడిగింది. "నాయిన పోయినంక," అన్నాడు వీరేశ్. అబద్ధం.

అంతే. లేచి, చెయ్యి కూడా కడుక్కోకుండా, గోడకున్న ఫ్రేము దించింది. వెనక మేకులు వంచి ఫొటో బయటికి లాగింది. విస్తర్ల ముందు కూర్చున్న చుట్టాలకు ఇంకు గురించి, గీతల గురించి పాఠం చెప్పింది. కాగితం అబద్ధం చెప్పదంది. ఆపైన వీరేశ్ చొక్కా కాలరు పట్టుకుని జీపు దాకా నడిపించింది. అదంతా డ్యూటీ అని చెప్పుకోవచ్చు. చెప్పుకోలేనిది ఇంకొకటి ఉంది. మాట్లాడుతున్నంతసేపూ ఆమెకు చాలా సంతోషంగా ఉండింది. ఇన్నేళ్లుగా ఎవరికీ చూపని విద్యను జనం నోరు తెరుచుకుని వింటుంటే, చచ్చినవాడి ఫొటో చేతిలో ఉందన్న సంగతే మరిచిపోయింది.

"వీరేశ్, మళ్ల అడుగుతున్న. ఫొటో ఎప్పుడు కొట్టినవ్?"

"నాయిన పోయినంక."

"గీతలు?"

"మళ్ల జామయిందేమో."

"మళ్ల జామయితే గీతలు వేరే జాగల పడతయి. ఇవి పాత గీతలే. నీ పాత ప్రింట్లు పక్కన పెట్టి చూసిన."

ఆమె ఫొటో అంచును గోటితో రాసింది. ఇంకు ఊడలేదు. మందమైన, మెరుపు లేని కాగితం.

"సరే, అది పక్కన పెట్టు. ఊళ్ల ఎవరు పోయినా నువ్వు మెరిసే కాగితం మీదనే కొట్టి ఇస్తవ్. పెండ్లిదయినా, సావుదయినా మెరవాలె. మరి మీ నాయినకు ఈ మ్యాట్ పేపర్ ఎందుకు వెట్టినవ్?"

అతను మొదటిసారి తల ఎత్తాడు. "మెరిసేది అద్దానికి అతుక్కుంటది మేడం. చెమ్మ తగిలితే ముఖం లేసొస్తది."

"మంది ఫొటోలు అతుక్కోవా?"

"అతుకుతయి."

"మరి వాళ్లకు చెప్పవా?"

"వాళ్లు అడగలే."

అన్న తర్వాత గానీ తనేమన్నాడో వీరేశ్‌కు తెలియలేదు. పెదవి కొరుక్కుని తల దించేసుకున్నాడు.

"అంటే, దీనికి అడిగిన్రు," అంది స్వరూపరాణి నెమ్మదిగా. "ఎవరడిగిన్రు?"

భయపడ్డ మనిషి ఇలా ఉండడు. భయపడ్డవాడు తలుపు వంక చూస్తాడు, లాఠీ వంక చూస్తాడు, ఎదుటివాడి ముఖంలో ఏముందోనని వెతుకుతాడు. వీరేశ్ తన కాలి బొటనవేలిని చూసుకుంటున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ సిగ్గు ఎరుపు ఎటువంటిదో ఆమెకు నిన్న రాత్రి నుంచి బాగా తెలుసు. తండ్రిని నీళ్లలోకి తోసినవాడు, ఆ తండ్రి ముఖం అద్దానికి అతుక్కుంటుందని దిగులు పడతాడా?

అప్పుడే సీఐ జగదీశ్వర్ లోపలికి వచ్చాడు. కొత్తగా ఇస్త్రీ చేసిన యూనిఫాం. వెనకాల ఇద్దరు విలేకరులు వరండాలో ఆగారు.

"ఏం స్వరూపా, నీ పుణ్యాన జిల్లా అంత మన పేరే. సచ్చినోని ఫొటో సావుకంటె ముందుగాల్నే. మొదటి పేజీల ఏస్తరట."

"సార్, కొద్దిగ ఆగుదాం. నాకు డౌటొస్తుంది."

"ఎవరి మీద?"

"నా మీదనే."

జగదీశ్వర్ నవ్వాడు. కుర్చీ లాక్కుని, వీరేశ్ అక్కడ లేనట్టే మాట్లాడాడు. "నిన్న నువ్వే పాఠం చెప్తివి. పిగ్మెంటంటివి, రంధ్రాలంటివి. నేను పొద్దుగాల లేసి ఆ మాటలన్ని బట్టీ పట్టిన. ఇయ్యాల నువ్వే డౌటంటివంటే, నన్నేమనుకుంటరు మంది?"

"మందిని తర్వాత చూద్దాం సార్. తోసినట్టు చూసినోళ్లు లేరు. కారణం లేదు."

"కారణం నేను రాస్త. ఇంటి జాగ రాసియ్యలేదని రాస్త. పక్కింటామె లొల్లి అయిందని చెప్పింది గద. సాయంత్రం లోపల జడ్జి ముందర పెట్టాలె."

"మధ్యాహ్నం దాక టైమియ్యండి. వీని ప్రింటర్ల రూము ఇంకొకసారి చూసొస్త."

రూము మాట వినగానే వీరేశ్ గ్లాసులో నీళ్లు ఒలికాయి. జగదీశ్వర్ అది గమనించలేదు. స్వరూపరాణి గమనించింది. గమనించినందుకు మొదట తనకు కలిగింది సంతోషమేనని తెలిసి మళ్లీ ముడుచుకుపోయింది.

"పో," అన్నాడు సీఐ. "నేను అన్నం తిని లేసే లోపల రావాలె. ఆ ప్రింటర్ గూడ పట్టుకరా, ఫొటోల మంచిగుంటది."

*

వీధిలోకి జీపు తిరగగానే పక్కింటి కాశమ్మ చేట పట్టుకుని అరుగు మీద నుంచి లేచి నిలబడింది.

"ఇంకేం మిగిలిందని వచ్చిన్రు? గోడకు మొల ఒక్కటున్నది. అది గూడ పీక్కపోతరా?"

స్వరూపరాణి ఆ మాట పడింది. అయినా అడగాల్సింది ఉంది.

"కాశమ్మా, భూమన్న పోయే ముందల వారంల తండ్రికొడుకులకు లొల్లి అయిందని చెప్పినవ్ గద. ఏమని కొట్లాడుకున్నరు?"

"కొట్లాట ఎక్కడిది? కొడుకు ఏడుస్తుండె. నాయిన నవ్వుతుండె."

"మరి లొల్లి అంటివి?"

"ఒకడు ఏడిస్తె ఒకడు నవ్వితె లొల్లి గాదా? 'లొల్లి అయిందా' అని అడిగినవ్, అయిందన్న. ఎట్లయిందని నువ్వు అడగకపోతివి. నీకు జల్దీ ఉండె. జీబుల ఎక్కియ్యాలె గద పోరన్ని."

పొట్టు ఎగరేస్తూ కాశమ్మ మళ్లీ కూర్చుంది. వాకిట్లో నిన్నటి విస్తర్లు ఒక మూల కుప్పగా పడి ఉన్నాయి. సగం మంది తినకుండానే లేచిపోయినట్టుంది. ఆ కుప్పను దాటి నడవడం స్టేషనులో ఎంత పెద్ద నేరస్థుడి ఎదుటనైనా కూర్చోవడం కన్నా కష్టమైంది ఆమెకు.

లోపల గోడకు ఆనుకుని భూమన్న భార్య పోశమ్మ కూర్చుని ఉంది. తల మీది కొంగు కళ్ల దాకా ఉంది. స్వరూపరాణి "రూము చూడాలె" అని, ఆమె ముఖం వైపు కాక ఆమె మోకాళ్ల వైపు చూస్తూ అంది. పోశమ్మ చేత్తో తలుపు చూపించింది.

చిన్న గది. బల్ల మీద రెండు ప్రింటర్లు. మొదటిది పెండ్లి పనులది. దాన్లో పోసేది నీళ్లలా పల్చని డై ఇంకు. మెరిసే కాగితంలో ఇంకి రంగులు మిలమిలలాడిస్తుంది. కానీ నీటి చుక్క పడితే పెండ్లికూతురి బుగ్గ గడ్డం దాకా కారుతుంది. రెండోది పిగ్మెంట్‌ది. పొడి రంగు కలిపిన ఇంకు. అంత మెరవదు, ఆరితే మాత్రం నీళ్లకు లొంగదు. వాడకం తక్కువై రంధ్రాలు పూడుకుపోయిన ప్రింటర్ ఇదే. వీటి తేడా తెలియని గిరాకీ ఉంటుంది గానీ వీరేశ్‌కు తెలుసు, తనకు తెలుసు. తెలిసినవాళ్లం కాబట్టే ఒకరి రహస్యం ఒకరికి దొరికిపోతుంది అనుకుంది.

అరలన్నీ చూసింది. కత్తెర, జిగురు, సగం వాడిన ఇంకు సీసాలు. కాగితాల డబ్బాలు వరుసగా పేర్చి ఉన్నాయి. మెరిసే కాగితం డబ్బా ఒకటి మిగతా వాటికన్నా బరువుగా తోచింది. మూత తీసి, పై కాగితాలు ఎత్తితే, అడుగున, ముఖం కిందికి బోర్లించి, నాలుగు ప్రింట్లు.

తిప్పింది.

నాలుగింటిలోనూ భూమన్నే. అదే రుమాలు, అదే చూపు. నాలుగు నుదుళ్ల మీదా కుంకుమ.

మొదటిది డై ఇంకు, మెరిసే కాగితం. తడి కుంకుమ అద్దిన చోట నుదురు కరిగి కనుబొమ్మ మీదికి జారింది. రెండోది పిగ్మెంట్, మెరిసే కాగితమే. ఆ కాగితం ఆ ఇంకును పీల్చుకోదు, పైపైన ఉంచుకుంటుంది. బొట్టును తుడిచిన వేలితో పాటు భూమన్న నుదురు కూడా లేచిపోయి, కింద తెల్లగా బయటపడింది. మూడోది డై ఇంకు, మెరవని కాగితం. ముఖమంతా చెమటపట్టినట్టు అలుక్కుపోయింది. నాలుగోది పిగ్మెంట్, మెరవని కాగితం. దాని మీద ఒకటి కాదు, మూడు బొట్లు. పెట్టి, తడిబట్టతో తుడిచి, నమ్మకం చాలక మళ్లీ పెట్టి తుడిచినట్టున్నారు. కొంచెం గులాబి మరక మిగిలింది. ముఖం చెక్కుచెదరలేదు.

ప్రతి ఏటా పితరుల అమావాస్య పెత్రమాసకు ఇంటింటా పెద్దల ఫొటోలు దించి తడిబట్టతో తుడిచి బొట్లు పెడతారు. అద్దం సందుల్లోంచి నీళ్లు దిగి, నాలుగైదేళ్లకు తాత ముఖమేదో, గోడ మరకేదో తెలియకుండా పోతుంది. ఇక్కడ ఎవరో ఆ నీళ్లను, ఆ బొట్టును ముందే పెట్టి చూసుకున్నారు.

కిటికీ దగ్గరికి పట్టుకెళ్లింది. మూడు బొట్లలో ఒకటి బాగా తేటగా పడింది. వేలి ముద్ర వంపులు కనపడుతున్నాయి. వాటిని ఏటవాలుగా కోస్తూ, కుంకుమ అంటని తెల్లటి చార ఒకటి.

ఆ చార ఆమె ఎరిగిందే. పంచనామా నాడు భూమన్న కుడిచెయ్యి ఎత్తి చూసినప్పుడు, బొటనవేలు మీద చొప్ప కోసే కత్తి గాటు. పాత గాయం, చావుకు సంబంధం లేదు అని రాయించింది కూడా.

స్వరూపరాణి స్టూలు మీద కూర్చుండిపోయింది. బతికున్న మనిషి ఫొటోలో ఉన్న తన నుదుటి మీద తానే చావు బొట్టు పెట్టుకుని, కరిగిందా లేదా అని చూసుకున్నాడు. ఇంకుల్లో ఇది, కాగితాల్లో ఇది అని ఎంచుకున్నాడు. పక్కన కొడుకు ఏడుస్తూ ప్రింట్లు కొట్టిచ్చాడు. తండ్రి నవ్వాడు. 'వాళ్లు అడగలే' అన్నాడు వీరేశ్. ఇతను అడిగాడు. బతికున్నవాడి ఫొటోకు బొట్టు పెట్టనిచ్చావా, నువ్వే నీ నాయినను పంపించావు అని రేపు ఎవరైనా అంటే? ఎవరో కాదు, తల్లే అంటే? ఆ మాట పడటం కన్నా స్టేషనులో తన్నులు తినడం నయమనుకున్నాడు. అందుకే నోరు విప్పలేదు.

ఫోన్ మోగింది. మొగులప్ప.

"మేడం, ఒప్పుకున్నడు."

"ఏంది?"

"నేనే తోసిన, బాయిల నేనే తోసిన అంటుండు. మీరు పోంగనే మొదలువెట్టిండు. మేడంను వాపస్ పిలువుండ్రి, రూము చూడొద్దని చెప్పుండ్రి, ఏడ సంతకం వెట్టాలె అని ఒకటే మొత్తుకుంటుండు."

ఆమె స్టూలు మీంచి లేచింది. వెతకడానికి వచ్చి ఇంకో తప్పు చేసింది. ఆమెను ఆపడానికి అతని దగ్గర ఉన్నది ఒప్పుకోలు ఒక్కటే, దాన్ని ఇచ్చేశాడు.

"సార్‌కు ఫోనియ్యి."

జగదీశ్వర్ నోట్లో అన్నం ముద్దతోనే పలికాడు. "విన్నవా? నీ డౌటు తీరిందా?"

"సార్, వాడు తొయ్యలే. భూమన్న తన ఫొటో తానే చేయించుకున్నడు. బొట్టు వెట్టి పరీక్ష గూడ చేసుకున్నడు. ప్రింట్లు దొరికినయి. ఆయన వేలిముద్రలు ఉన్నయి వాటి మీద. అది యాక్సిడెంటే."

"బతికున్నోడు సావుబొట్టు పెట్టుకుంటడా? ఏం మాట్లాడుతున్నవ్?"

"పెట్టుకున్నడు. నా చేతుల ఉన్నయి."

అటు వైపు గ్లాసు కింద పెట్టిన చప్పుడు. తర్వాత సీఐ గొంతు మెత్తబడింది. అది ఇంకా ప్రమాదం.

"అయితె పట్టుకరా. ఈడనే పేపరోళ్లున్నరు, అందరి ముందల చూపియ్యి. ఆ వేలు ఎవరిదో చెప్పనీకి వాళ్ల అమ్మను గూడ తీస్కరా. కొడుకు ముందలనే అడుగుదం. లేదంటె ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టె ఉంటది. నిన్న మందిల పరువు తీసింది నువ్వు. ఇయ్యాల పోగొట్టుకునేది ఎవరో నువ్వే సూస్కో."

ఫోన్ పెట్టేశాడు.

పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. ఊళ్లో చెల్లుతుంది. రేపు వీరేశ్ విడుదలై వచ్చినా ఈ వీధిలో ఎవరూ అతని దగ్గర ఫొటో తీయించుకోరు. ఈ ప్రింట్లు చూపిస్తే బయటపడతాడు గానీ, దేన్ని దాచడానికి హంతకుడనైనా అనిపించుకుంటానన్నాడో అదే తల్లి కళ్ల ముందు పరిచినట్టవుతుంది. రహస్యంగా ల్యాబ్‌కు పంపవచ్చు. ముద్రలు తేలేసరికి నెలలు. అన్ని నెలలూ అతను సంగారెడ్డి జైల్లో. ఏ దారిలో చూసినా చివర తను నిన్న దించిన ఫ్రేమే ఉంది. నిన్న ఒక్క ప్రశ్న, గది తలుపు వేసి, మెల్లగా, ఒక్కణ్నే పిలిచి అడిగి ఉంటే. అడగలేదు. జనం ఉన్నారు కాబట్టి అడగలేదు.

"దొరికినయా?"

తలుపు దగ్గర పోశమ్మ నిలబడి ఉంది. స్వరూపరాణి గబుక్కున ప్రింట్లు బోర్లించింది.

"ఏం దొరకాలె?" అంది. ఎంత చేతగాని అబద్ధమో తనకే తెలిసింది.

"మెరిసే కాగితాల డబ్బల పెట్టిండు గద, అవి." పోశమ్మ లోపలికి వచ్చి గోడవారగా నేల మీద కూర్చుంది. "దాసవెట్టకు బిడ్డా. ఆ కుంకుమ బరిణె ఇచ్చింది నేనే."

"నీకెర్కనా?"

"ఎర్కనే. ఎడ్ల కొమ్ములకు వెట్టాలె, బరిణె ఇయ్యమన్నడు. మనకు ఎడ్లు అమ్మి ఎన్నేండ్లాయె. నేనేమనలే, ఇచ్చిన. తలుపు సందులకెల్లి చూసిన. పోరడు వెక్కి వెక్కి ఏడుస్తుండు, మనిషి మాత్రం పెండ్లిచూపులకు పోయేటోని లెక్క, ఇది గాదు అది, అది గాదు ఇది అని ఏరుతుండు. మా అత్త ఫొటో నీళ్లు దిగి పాడయింది. ఆ బాధ ఉండె ఆయనకు. నా ముఖమన్నా నాలుగు దినాలు ఉండాలె అనుకున్నడు."

"బతికుండంగనే ఎందుకమ్మా? రోగమేమన్న ఉండెనా?"

"బీదర్ దవాఖానకు పోయొచ్చిన సంది రాత్రి గోడ దిక్కు తిరిగి దగ్గేటోడు, నాకు ఇనరావద్దని. ఆ మందు గోలీలు మింగితె కండ్లు తిరుగుతయి అని కొడుకుతోని చెప్తుంటె ఇన్న. నాతోని చెప్పలే. చెప్పలేదని నేనడగలే. బాయిల పడ్డ దినం గూడ గోలీ ఏసుకునే మోటరు పెట్టనీకి పోయిండు."

స్వరూపరాణి పంచనామాలో మెట్లు జారుడుగా ఉన్నాయని రాయించింది. మనిషి కళ్లు తిరిగాయా అని అడగాలని తోచనే లేదు.

"మరి నిన్ననే చెప్పొచ్చు గదమ్మా. నేను ఫ్రేము దించినప్పుడన్నా."

పోశమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"ఎట్ల చెప్త? నాకు ఎర్కలేదనే పోరడు బతుకుతుండు. ఒక పూట అడిగి ఇడిసిపెడ్తరనుకున్న." ఇంకా తగ్గిన గొంతుతో అంది. "ఇంకొకటున్నది. ఆ దినం తలుపు సందులకెల్లి చూసి నాకు నవ్వొచ్చింది. బతికున్న మొగడు నొసట బొట్టు పెట్టుకుంటుంటె, మంచిగనే ఉన్నడు ముసలోడు అనుకుని నవ్విన. నా నవ్వే ఆయనకు దిష్టయి తాకిందేమోనని ఇన్ని దినాల సంది పండుకుంటలేను. ఆ మాట నోట్లెకెల్లి ఎట్ల రావాలె, గంత మందిల?"

ఒకే గదిలో ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు సిగ్గుపడ్డారు. అందులో ఒకరు పోయారు. ఒకరు చేయని హత్య నెత్తిన వేసుకున్నారు. స్వరూపరాణి ఏదైనా ఓదార్పు మాట వెతికింది. దొరకలేదు. ఈమెను ఓదార్చే అర్హత ఈ ఊళ్లో అందరికన్నా తక్కువ తనకే ఉంది.

"అక్కడ వాడు ఒప్పుకున్నడట," అంది చివరికి. "నేనే తోసిన అని. నీకు ఇవి చూపియ్యొద్దని."

పోశమ్మ వేలికి చుట్టుకున్న కొంగు వదిలేసింది. ఏడవలేదు. నేల మీద చెయ్యి ఆనించి లేచింది.

"పా."

"నువ్వు రావద్దమ్మా, నేను చెప్త. మీ అవ్వకు అన్నీ ఎర్కనే అని నేనే చెప్త వానితోని."

"నువ్వు చెప్తె నమ్ముతడా? నిన్న నువ్వు చెప్పినవ్ గద, అందరు నమ్మిన్రు. ఇంక వాడు నీ మాట ఎందుకు నమ్మాలె? నేను పోయి ఎదురుంగ నిలవడి, నవ్విన అని చెప్పాలె. అప్పుడు గాని వాడు నోరు తెరవడు."

"పేపరోళ్లు ఉంటరు ఆడ."

"ఉండనియ్యి."

ఆమె నాలుగు ప్రింట్లూ తీసుకుని, తన పాత చీర ముక్కలో చుట్టి చంకన పెట్టుకుంది. స్వరూపరాణి ముందు నడిచింది. వాకిలి దాటి, విస్తర్ల కుప్ప దాటి, జీపు దాకా వచ్చాక వెనక అడుగుల చప్పుడు లేదని తెలిసింది.

పోశమ్మ గడప లోపలే ఆగిపోయింది. భర్త పోయిన ఆడది నెల తిరగకుండా గడప దాటదు. దాటినా ఆమె ముఖానికి ఎదురు రావడానికి ఎవరూ ఒప్పుకోరు. పని మీద బయలుదేరినవాళ్లు వెనక్కి పోయి కాళ్లు కడుక్కుంటారు. వీధిలో నీళ్ల బిందెతో వస్తున్న ఆవిడ పోశమ్మను చూసి అటు తిరిగి నిలబడింది. బండి స్టార్టు చేయబోయినవాడు పెట్రోలు ట్యాంకు మూత తీసి లోపలికి చూడసాగాడు. ఇంత సేపూ తిట్టిన కాశమ్మ కూడా చేటలోకి తల దించుకుంది. ఎవరూ పొమ్మనలేదు. కానీ దారి అంతా వీపులే.

పోశమ్మ కుడికాలు గడప మీద ఉంది. ఎడమకాలు లోపల.

మొగులప్ప నుంచి మళ్లీ ఫోన్. స్వరూపరాణి చూడలేదు. జీపు తలుపు తెరిచి వదిలేసి వెనక్కి నడిచింది. వాకిట్లోకి వచ్చి, గడపకు సరిగ్గా ఎదురుగా నిలబడి, కొంగు కింద ఉన్న ఆ ముఖాన్ని మొదటిసారి నేరుగా చూసింది.

తర్వాత చెయ్యి చాపింది.